దుంపల చెక్కు తీయు యంత్రము: తళుకు కాదు, తూకము చూడండి



హైదరాబాదు నాంపల్లిలోని ప్రదర్శన మైదానములో సాధారణముగా జనవరి 1వ తేదీ మొదలు ఫిబ్రవరి 15వ తేదీ వరకు జరుగు నుమాయిష్‌ను గూర్చి విననివారు మనలో అరుదు. కచేరీ పని మీదనో, కొనుగోళ్ళ కొరకో నగరమునకు వచ్చిన రైతు, నాంపల్లి స్టేషనులో రైలు దిగి, వీలు చిక్కినపుడు ఆ మైదానమును కూడ ఒకసారి చుట్టి పోవుట వాడుక. కూరగాయలు తరుగు సాధనములు, తొక్క తీయు చాకులు అమ్మువారు అక్కడ గుంపును చేర్చి తమ నేర్పు చూపుచుందురు. మొజంజాహీ మార్కెట్టు మీదుగా అబిడ్స్ వైపు నడచినచో పెద్ద హోటళ్ళున్నవి. అట్టి హోటళ్ళ వంటశాలలలో కరెంటు డ్రమ్ము బంగాళాదుంపలను గిరగిర త్రిప్పి, రెండు మూడు నిమిషములలో తెల్లగా చేసి ఇచ్చును. చూచిన రైతుకు "ఇట్టి యంత్రమొకటి మన ఊరిలో ఉండిన ఎంత బాగుండును!" అని తోచుట సహజము.

ఆ కోరిక మంచిదే. కాని హోటలు వంటశాలకు తగిన యంత్రము పొలము నుండి వచ్చిన దుంపకు తగునని తలచరాదు. చెక్కు తీయు యంత్రము మంచిదో చెడ్డదో తేల్చునది అది వెలికి పంపు దుంప తెలుపు కాదు, చెక్కుతో పాటు అది హరించు కండ తూకము. ఈ ఒక్క విషయమును రైతులకును, యంత్రములు చేయువారికిని విన్నవించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

యంత్రము ఎందుకు కావలెను?

మన ప్రాంతములో చెక్కు తీయవలసిన దుంపలు చాల కలవు. పెద్దాపురము, సామర్లకోట పరిసరములలో కర్రపెండలము పండించి సగ్గుబియ్యపు మిల్లులకు తోలుచున్నారు. జహీరాబాదు వైపు అల్లము, బంగాళాదుంప పండుచున్నవి. పాడేరు కొండలలోను అల్లము కలదు. నిజామాబాదు, ఆర్మూరు, దుగ్గిరాల ప్రాంతములు పసుపునకు పేరుపొందినవి. కంద, చేమ, చిలగడదుంపలు దాదాపు అన్ని జిల్లాలలో ఎంతో కొంత ఉన్నవి.

వీనిలో కర్రపెండలమునకు తొందర ఎక్కువ. భూమిలో ఉన్నంత కాలము దుంపకు భయము లేదు. పెరికిన పిమ్మట రెండు మూడు రోజులలోనే లోపలి కండలో నీలిరంగు, నలుపురంగు చారలు పడి చెడిపోవును. మిల్లుకు చేరిన దుంపను వెంటనే చెక్కు తీసి, కడిగి, తురిమి, పాలు పిండి, పిండిని తేర్చవలెను. చెక్కు సరిగా పోని దుంపను తురిమినచో పిండి రంగు తగ్గును, రంగుతో పాటు ధరయు తగ్గును. కొన్ని మిల్లులలో డ్రమ్ము యంత్రములు వచ్చినవి గాని పెక్కుచోట్ల ఈ పని నేటికిని స్త్రీల చేతి కత్తి మీదనే నడచుచున్నది. కోతలు ముమ్మరముగా సాగు రోజులలో కూలీలు దొరకక దుంప కుప్పలలోనే నిలిచిపోవుట రైతుకును, మిల్లుకును నష్టమే.

కంద, చేమల మాట వేరు. వీనిలో కాల్షియము ఆక్జలేటు అను పదార్థము సన్నని సూదుల వంటి స్ఫటికములుగా ఉండును. అందుచేతనే చేతులు దురద పుట్టును. ఇంటికి కావలసిన ఒక కంద ముక్కకు చింతపండు నీళ్ళతో చేతులు కడిగికొన్న సరిపోవచ్చును. దినమంతయు బస్తాలకొలది చెక్కు తీయువారి అవస్థ అట్టిది కాదు. ఇన్ని కారణములుండగా యంత్రము వలదనుట తెలివి కాదు. ఏ యంత్రము అన్నదే ప్రశ్న.

అరగదీయు యంత్రము పని చేయు తీరు

హోటళ్ళలో కనిపించు యంత్రము అరగదీయు జాతికి చెందినది. డ్రమ్ము లోపలి గోడకు సానరాయి వంటి గరుకు పూత ఉండును. అడుగున ఎగుడుదిగుడుగా ఉన్న పళ్ళెము మోటారుతో తిరుగుచుండును. దుంపలు ఎగిరి, దొర్లి, గోడకు రాచుకొని అరిగిపోవును. పైనుండి పడు నీరు ఆ అరుగుడును కడిగి తూములోనికి కొట్టుకొనిపోవును.

ఈ యంత్రమునకు చెక్కు ఎక్కడ ముగిసి కండ ఎక్కడ ఆరంభమగునో తెలియదు. అది తగిలిన చోటనెల్ల అరగదీయును. గుండ్రని దుంపలో అన్ని వైపులు సమానముగా తగులును గనుక నష్టము కొంత హద్దులో ఉండును. వంకరదుంపలో ఉబ్బుగా ఉన్న చోటు మాటిమాటికి గోడకు తగులును, గుంటగా ఉన్న చోటు తగలనే తగలదు. గుంటలోని చెక్కు పోవువరకు యంత్రమును త్రిప్పినచో ఉబ్బు మీద కండ లోతుగా అరిగిపోవును. కండను కాపాడుటకు ముందే ఆపినచో గుంటలలో చెక్కు నిలిచిపోవును. ఈ రెంటి నడుమ రాజీ తప్ప ఆ డ్రమ్ముకు వేరు దారి లేదు.

ఆ యంత్రమును చేసినవారిని నిందించ పనిలేదు. వారు హోటలువారి కొరకు చేసినారు. హోటలువాడు ఒకే పరిమాణము గల, శుభ్రమైన, గుండ్రని దుంపలను ఏరి కొనును. అతనికి మిగులు వేళయే లాభము. మన కుప్పలో చిన్నవి, పెద్దవి, జంటవి, వంకరవి, మన్ను పట్టినవి అన్నియు కలిసియుండును. మనకు మిగులు తూకమే లాభము.

లెక్క వేసి చూడండి

అరుగుడు మిల్లీమీటరులలో గదా, అంత నష్టమేమి యని అనుకొనరాదు. గుండ్రని బంగాళాదుంప నొకదానిని తీసికొనండి. దాని అడ్డుకొలత 5 సెంటీమీటర్లు. అన్నివైపుల 1 మిల్లీమీటరు మందము పోయినచో నూటికి సుమారు పదకొండున్నర పాళ్ళు పోయినట్లే. 2 మిల్లీమీటర్లు పోయినచో నూటికి 22 పాళ్ళు పోవును. అదే దుంప 8 సెంటీమీటర్ల అడ్డుకొలత గలదైనచో 1 మిల్లీమీటరుకు 7 పాళ్ళు, 2 మిల్లీమీటర్లకు 14 పాళ్ళు మాత్రమే పోవును. చిన్న దుంపకు లోపలి కండతో పోల్చినచో పైతలము ఎక్కువ. కావుననే చిన్న దుంపలను, పెద్ద దుంపలను ఒకే డ్రమ్ములో కలిపి వేయుట చిన్న దుంపలను పారబోయుటతో సమానము.

ఇక కర్రపెండలము. దుంప కర్రవలె నిడుపు గనుక లెక్క కొంచెము మారును. అడ్డుకొలత 5 సెంటీమీటర్లు, చెక్కు మందము రెండున్నర మిల్లీమీటర్లు అనుకొందము. చెక్కు మాత్రమే పోయినచో 1,000 కిలోల దుంపకు 810 కిలోల కండ మిగులును. యంత్రము చెక్కుతో పాటు ఒక్క మిల్లీమీటరు కండను కూడ తినినచో మిగులునది 740 కిలోలు. అనగా టన్నుకు 70 కిలోల కండ తూములో పోయినది. కర్రపెండలపు దుంపలో నూటికి సుమారు 25 నుండి 30 పాళ్ళు పిండి యుండును. 25 పాళ్ళ చొప్పున వేసినను పోయిన పిండి పదిహేడున్నర కిలోలు. కంటికి ఆనని ఒక్క మిల్లీమీటరు ఇంత పని చేయును.

యంత్రము అమ్మువారు గంటకు ఇన్ని కిలోలు, ఇందరు కూలీల పని అని లెక్క చెప్పుదురు. అందులో అబద్ధము ఉండనక్కరలేదు. కాని ఆదా అయిన కూలిని ఒక తట్టలోను, పోయిన కండ విలువను రెండవ తట్టలోను పెట్టి తూచినప్పుడే ఆ లెక్క పూర్తియగును. తెల్లగా బయటపడిన దుంపను చూచి మురియక, తూములో పోవు నీటిని ఒక బకెట్టులో పట్టి, తేర్చి, అడుగున ఏమి నిలిచినదో చూడండి.

చేతిపని నేర్పు పాఠము

కర్రపెండలపు చెక్కు తీయు స్త్రీ చేతిని శ్రద్ధగా గమనించినచో యంత్రము ఎట్లుండవలెనో తెలియును. ఆ దుంప తొక్కలో రెండు పొరలు కలవు. పైది మట్టిరంగు గల పలుచని పొర. దాని క్రింద తెల్లగానో, లేత గులాబిరంగుగానో ఉండు మందపాటి పట్ట. ఈ పట్టకును కండకును నడుమ సహజముగా ఒక విడుపు ఉన్నది. పని తెలిసిన స్త్రీ దుంపకు నిలువుగా ఒక గాటు పెట్టి, కత్తిమొనను ఆ విడుపులోనికి జొనిపి, పట్టను ఒలిచివేయును. పట్ట ఒకే పేలికగా ఊడివచ్చును. ఆమె కండను కోయుట లేదు, చెక్కును కండ నుండి విడదీయుచున్నది. గాటు ఎంత లోతుండవలెనో ఆమె వ్రేలికి తెలియును.

కనుక కర్రపెండలమునకు డ్రమ్ము కాదు, ఈ చేతిపనిని అనుసరించు యంత్రము కావలెను. చెక్కు మందమంత లోతున మాత్రమే దిగు కత్తి ఉండవలెను. దుంప సన్నమైన చోట క్రిందికి, లావైన చోట పైకి కదలునట్లు ఆ కత్తి వెనుక స్ప్రింగు ఉండవలెను. గాటు పడిన పట్టను ఒలిచి లాగుటకు రోలర్లు ఉండవలెను. ఇది చెప్పినంత సులభము కాదు. ప్రపంచములో అన్నిటికంటె ఎక్కువగా కర్రపెండలము పండించు నైజీరియా దేశములో ఇంజనీర్లు దశాబ్దములుగా ఈ సమస్యతో పెనుగులాడుచున్నను అచ్చట గ్రామములలో చేతికత్తి ఇంకను పోలేదు. అందుకు ముఖ్య కారణము దుంపల ఆకారము. ఏ రెండు దుంపలును ఒక తీరున ఉండవు.

ఈ విడుపు గూర్చి మరియొక మాట. దుంప తాజాగా ఉన్నపుడే పట్ట సులభముగా ఊడును. నీరు తగ్గి వాడినకొలది పట్ట కండకు అంటుకొనిపోవును. యంత్రమెంత మంచిదైనను పెరికిన మరునాటికే దుంప దానిని చేరనిచో ఫలితము కనిపించదు. కావున యంత్రము ఉండవలసిన చోటు పొలమునకు దగ్గరలో గాని, దూరపు పట్టణములో కాదు.

అల్లమునకు ఒక నీతి, పసుపునకు ఒక నీతి

అన్ని దుంపలకు ఒకే యంత్రమని చెప్పువారిని నమ్మకండి. అల్లములో సువాసన నిచ్చు నూనె గల కణములు పై తోలుకు అతి చేరువలో ఉన్నవి. అందుచేతనే శొంఠి చేయువారు పదునైన చాకును వాడక, వెదురు బద్దతో పై పొరను మాత్రము గీకివేయుదురు. ఇనుప చాకు తగిలిన చోట రంగు చెడుననియు వారికి అనుభవము. కొమ్ముల సందులలో చెక్కు మిగిలినను పరవాలేదు గాని తోలు క్రింది పొర పోరాదు. అల్లమును గరుకు డ్రమ్ములో వేసినచో తూకము కంటె ముందు వాసన పోవును. దీనికి మెత్తని బ్రష్షులతో రుద్దు యంత్రము తగును.

పసుపు మాట ఇందుకు విరుద్ధము. పసుపును ఉడికించి, ఎండబెట్టి, గట్టిపడిన తరువాత మెరుగు పెట్టుదురు. తొలుత చేతులతోను, గోనెపట్టలతోను రుద్దెడివారు. పిమ్మట నడుమ ఇరుసు గల పీపాలో వేసి పిడితో త్రిప్పిరి. తరువాత దానికే మోటారు తగిలించిరి. ఎండిన కొమ్ములు ఒకదానితో ఒకటియు, జల్లెడ వంటి గోడతోను రాచుకొని, పై పొలుసు రాలిపోవును. ఇందులో నూటికి 5 నుండి 8 పాళ్ళ వరకు తూకము తగ్గును. ఈ యంత్రము మన పల్లెలలో ఎందుకు నిలిచినదో ఆలోచించండి. ఎండిన కొమ్ము గట్టిది, తొందరపడి చెడిపోదు, రాపిడికి లొంగునది పైపొలుసే. పని స్వభావమునకు యంత్రము సరిపోయినది. గ్రామపు కమ్మరి, వడ్రంగి కూడ దానిని బాగుచేయగలరు. మంచి యంత్రము ఎట్లుండవలెనో తెలియుటకు పసుపు పీపా కంటె దగ్గరి ఉదాహరణము అక్కరలేదు.

సగము పని పొలములోనే ఉన్నది

యంత్రము దుంపను బట్టి ఉండవలెనని చెప్పితిమి. దుంప కూడ కొంతవరకు యంత్రమును బట్టి ఉండగలదు. బిగిసిన నేలలో, రాళ్ళ నడుమ ఊరిన దుంప వంకర తిరుగును. గుల్లగా దున్ని, బోదెల మీదనో, మట్టి కుప్పల మీదనో నాటినచో దుంప నిడుపుగా, నునుపుగా ఊరును, పెరుకునపుడు విరుగుటయు తగ్గును. గాయపడిన దుంప ముందు చెడును, యంత్రములోను ముందు ముక్కలగును. పెరికిన వెంటనే మన్ను దులిపి కడుగుట మరియొక మేలు. దుంపను అంటిన ఇసుక ఒక్క పూటలో కత్తి పదునును పోగొట్టును.

అంతకంటె ముఖ్యమైనది దుంపలను ఏరుట. లావు, నడిమి, సన్నము అని మూడు కుప్పలు చేసి, ఒక్కొక్క కుప్పను వేరుగా యంత్రములో వేయండి. దీనికి పెట్టుబడి లేదు. పైన చూపిన లెక్క ప్రకారము దీనివలన మిగులునది తక్కువ కాదు.

తిరువనంతపురమునందు 1963లో నెలకొల్పబడిన కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ 1971లో విడుదల చేసిన హెచ్-165, హెచ్-226 వంటి కర్రపెండలపు రకములు మిల్లులకు చిరపరిచితములు. కొవ్వూరు పరిశోధనల నుండి వచ్చిన 'గజేంద్ర' కంద కూడ అట్టిదే. నునుపుగా ఉండి, పిలకలు అంతగా వేయదు గనుక ఈ కందకు చెక్కు తీయుట తేలిక. కొత్త రకములను ఎంచునపుడు దిగుబడి, పిండి పాళ్ళతో పాటు దుంప ఆకారమును, చెక్కు ఊడు సులువును కూడ చూడవలసినదని శాస్త్రజ్ఞులకు మా మనవి.

కత్తి పట్టిన చేతుల మాట

యంత్రము వచ్చినచో చెక్కు తీసి బ్రతుకు స్త్రీలేమి కావలెను? ఈ ప్రశ్నను ప్రక్కకు నెట్టి యంత్రమును మెచ్చుకొనుట న్యాయము కాదు. ఒకే తీరున కూర్చుండి, తడి చేతులతో పదునైన కత్తి పట్టి దినమంతయు చేయు పని సుఖమైనది కాదు. అయినను కోతల కాలములో ఆ ఇంటికి వచ్చు రొక్కము అదే. మా అభిప్రాయములో ఊరికి వచ్చు మొదటి యంత్రము మహిళా సంఘము పేరుననే రావలెను. కత్తి పట్టిన చేతికే మీటను కూడ అప్పగించవలెను. చెక్కు ఎంత పోవలెనో, యంత్రమును ఎప్పుడు ఆపవలెనో ఆమె కన్నుకు తెలిసినంతగా మరి ఎవరికిని తెలియదు. రైతులు బాడుగ ఇచ్చి పని చేయించుకొనవచ్చును. మిగిలిన గుంటలను చేతితో సరిచేయుటకు ఎట్లును మనుష్యులు కావలసినదే.

యంత్రములో ప్రమాదము లేకుండ చూచుట ఈ మాటలో భాగమే. తిరుగు బెల్టులకును, రోలర్లకును గట్టి మూతలు ఉండవలెను. చీరకొంగు, గాజులు చిక్కుకొను సందు ఉండరాదు. నీరును, కరెంటును ఒకేచోట ఉండు యంత్రము గనుక భూమితీగ లేకుండ మోటారు నడుపరాదు. ఆపు మీట పని చేయువారి చేతికి అందవలెను, గోడమీద కాదు.

తీసిన చెక్కును గూర్చియు ఒక హెచ్చరిక. కర్రపెండలములో హైడ్రోసయనిక్ ఆమ్లమును పుట్టించు పదార్థము కలదు. అది కండలో కంటె చెక్కులో ఎక్కువగా ఉండును. పచ్చి చెక్కును కుప్పగా పోసి పశువులను వదలినచో ప్రాణమునకే ముప్పు రావచ్చును. పలుచగా పరచి బాగుగా ఎండబెట్టిన పిమ్మట, ఇతర మేతతో కలిపి, పశువైద్యుని సలహా ప్రకారమే మేపవలెను. పిండితో కూడిన నీటిని చెరువులోనికి వదలకండి. అది పులిసి దుర్వాసన పుట్టించును, చేపలకును హాని చేయును.

నాంపల్లిలో చేయదగిన పని

మరల నాంపల్లికి వత్తము. ఈ ప్రదర్శన 1938లో పబ్లిక్ గార్డెన్సులో ఆరంభమైనది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు దానికి మూలపురుషులు. మొదట దాని పేరు 'నుమాయిష్ మస్నూఆతె ముల్కీ', అనగా మన దేశములో చేసిన వస్తువుల ప్రదర్శన. 1946లో ఇప్పటి మైదానమునకు మారినది. దాని రాబడితో ప్రదర్శన సంఘము విద్యాసంస్థలను నడుపుచున్నది. ఆ మైదానములోనే కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఉన్నది. చేరువలో మల్లేపల్లి ఐ.టి.ఐ. ఉన్నది. అబిడ్స్‌ను ఆనుకొనియే గన్‌ఫౌండ్రీ ఉన్నది. 18వ శతాబ్దము చివర ఫ్రెంచి సేనాని రేమండు ఆధ్వర్యమున ఫిరంగులు పోతపోసిన చోటు అది. ఇనుముతో పని నేర్చిన పేరు ఈ పేటలకు కొత్త కాదు.

ఇంకొక సంగతి గమనింపదగినది. నుమాయిష్ జరుగు జనవరి, ఫిబ్రవరి నెలలే కర్రపెండలము, అల్లము, బంగాళాదుంప, పసుపు చేతికి వచ్చు కాలము. దుంప ఉన్నపుడే యంత్రము ఎదుట నిలుచున్నది. కావున ఆ మైదానములో ఒక మూల 'దుంపల పరీక్ష' అని ఒక స్థలము కేటాయించవలెనని మా సూచన. అమ్మకము కొరకు కాదు, తూకము కొరకు. రైతు తన దుంపలను తానే తెచ్చును. యంత్రము చేసినవారు నడిపి చూపుదురు. పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. విద్యార్థులు త్రాసు, గడియారము పట్టుకొని వ్రాసికొందురు. ప్రక్కనే చెక్కు తీయుటలో చేయి తిరిగిన స్త్రీ ఒకరు, కూలి పుచ్చుకొని, అదే కుప్పలోని దుంపలను చేతితో తీయుదురు. ఫలితమును బల్లమీద అందరికిని కనబడునట్లు వ్రాయవలెను. బాపట్లలోని పంటకోత అనంతర సాంకేతిక కేంద్రము, భోపాలులోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ వంటివారు చేసిన నమూనాలు కూడ అక్కడికి రావలెను. ప్రయోగశాలలో గెలిచిన యంత్రము వంకరదుంప ఎదుట ఎట్లు నిలుచునో అందరును చూతురు.

ఊరిలో చేసికొనదగిన పరీక్ష

అంతవరకు వేచియుండనక్కరలేదు. యంత్రము కొనుటకు ముందు ఈ పరీక్షను మీ ఊరిలోనే చేయవచ్చును.

1. ఒకే కుప్ప నుండి, కడిగి ఆరిన దుంపలను 10 కిలోల చొప్పున రెండు భాగములు తూచండి. రెంటిలోను పెద్దవి, చిన్నవి సమానముగా ఉండవలెను.

2. ఒక భాగమును చేతితోను, రెండవ భాగమును యంత్రముతోను చెక్కు తీయండి. పట్టిన కాలమును వ్రాయండి.

3. యంత్రము నుండి వచ్చిన దుంపలపై మిగిలిన చెక్కును చేతితో సరిచేయించి, ఆ కాలమును కూడ యంత్రపు లెక్కలోనే కలపండి.

4. రెండు భాగములను నీరు తుడిచి తిరిగి తూచండి. రెంటికి గల భేదమే యంత్రము తిన్న కండ. దానిని నూరుతో గుణించినచో టన్నుకు ఎన్ని కిలోలో తెలియును.

5. ఎన్ని బిందెల నీరు, ఎంత కరెంటు పట్టినదో వ్రాయండి. విరిగిన ముక్కలను వేరుగా తూచండి.

6. అరిగిపోవు భాగము ఏది, దాని ధర ఎంత, అది ఎక్కడ దొరకును, మార్చుటకు ఎవరు రావలెను అని అమ్మువానిని అడిగి, జవాబును కాగితముమీద తీసికొనండి.

ఈ ఆరింటికి జవాబు చెప్పలేని యంత్రమును రాయితీ వచ్చునను ఆశతో కొనకండి. 2020లో ఆరంభమైన చిన్న ఆహార పరిశ్రమల కేంద్ర పథకములో యంత్రసామగ్రికి నూటికి 35 పాళ్ళు, గరిష్ఠముగా 10 లక్షల రూపాయల వరకు అప్పుతో ముడిపడిన రాయితీ కల్పించిరి. మీకు ఏ పథకము వర్తించునో అధికారులను అడిగి తెలిసికొనండి. అయితే రాయితీ కొనుగోలు ధరను తగ్గించునే గాని తూములో పోవు కండను తగ్గించదు. కొన్ననాడు మిగిలిన రూపాయి, టన్నుకు 70 కిలోల చొప్పున ఒకటి రెండు కోతలలోనే తిరిగి పోవచ్చును.

గ్రామ వ్యవసాయాధికారులకు, పంచాయతీ కార్యదర్శులకు ఒక ప్రార్థన. మీ పరిధిలో దుంపపంటలున్నచో ఈ కోతల కాలములోనే ఒక పరీక్ష జరిపించండి. కావలసినది ఒక త్రాసు, ఒక గడియారము, ఒక నోటుపుస్తకము. ఎవరి దుంప, ఏ రకము, పెరికి ఎన్ని గంటలైనది, చేతితో ఎంత మిగిలినది, యంత్రముతో ఎంత మిగిలినది అని వ్రాసి శాఖకు పంపండి. పది ఊళ్ళ తూకములు ఒకచోట చేరినచో యంత్రము చేయువానికి అంతకంటె మంచి నమూనా చిత్తు దొరకదు. అమ్మువాడు చెప్పిన లెక్కకు బదులు మన త్రాసు చెప్పిన లెక్క మీద యంత్రములు తయారగు రోజు అప్పుడు రాగలదు.